ఆ అర్ర ఆడపిల్లలది

మన దిక్కు ఆడపిల్లకు తనదంటూ ఒక మంచం, ఒక బీరువా, ఒక నిలువుటద్దం ఎప్పుడొస్తయో జర యాది చేసుకో చెల్లే. పెండ్లినాడొస్తయి. వచ్చిన పొద్దే ట్రాలీల ఎక్కి అత్తగారింటికి పోతయి. అప్పటిదాక ఆ పిల్ల అమ్మ పక్కనో, నానమ్మ పక్కనో, చెల్లెతోని ఒక్క బొంత కిందనో పండుకుంటది. బట్టలు అమ్మ బీరువాల ఒక మూలకుంటయి. పుస్తకాలు టీవీ కింద అరల ఉంటయి. అద్దం బాపు గడ్డం గీసుకునే ఎత్తుల ఉంటది. ఇద్దరు బిడ్డలకు ఒక అర్ర సర్దాలె, ఎట్ల సర్దాలె అక్కా అని నువ్వు అడిగినవు గదా, రంగులు, పరదాలకంటె ముందు నా మనసుల మెదిలింది ఈ ముచ్చటే.

"ఎప్పటికైనా ఒకింటికి పోయే పిల్లలే గదా, వాళ్లకు వేరే అర్ర ఎందుకు?" ఈ మాట నువ్వు కూడ విన్నవు. అన్నోళ్లు చెడ్డోళ్లేం కారు. బిడ్డ పెండ్లి కోసం చిట్టీలు కట్టేటోళ్లు, పత్తి పైసల్లకెళ్లి ఇంత తీసి దాచేటోళ్లే. సర్కారు కూడ పెండ్లికే చెయ్యందిస్తది. కల్యాణలక్ష్మి 2014 అక్టోబర్ 2న 51 వేల రూపాయలతోని మొదలై, 2018 నాటికి 1,00,116 రూపాయలైంది. ఎంతోమంది తల్లిదండ్రులకు ఆ పైసలతోని అప్పు తప్పింది, కాదనను. కని అది పద్దెనిమిదేండ్లు నిండినంక అందే సాయం. ఆ పద్దెనిమిదేండ్లు పిల్ల ఏడ కూసుండి చదువుకోవాలె? ఏడ పాటలు పాడుకోవాలె? మనసు బాగలేని నాడు ఎవరికీ కనపడకుండ ఏడ కూసోవాలె? ఆ జాగ ఇయ్యాల్సింది తల్లీదండ్రే.

మన టేకుమట్లనే చూడు, 2016 అక్టోబర్ 11న మండలమైంది, అంతకు ముందు చిట్యాల మండలంల ఉండె. మండలం కొత్తది, భూపాలపల్లి జిల్లా కొత్తది, ఇండ్లు కూడ కొత్తయి లేస్తున్నయి. గూనపెంకల ఇండ్లు ఒక్కొక్కటే కూలి స్లాబు పడుతున్నయి. 2024 మార్చి 11న భద్రాచలంల మొదలైన ఇందిరమ్మ ఇండ్ల పథకంల 5 లక్షల సాయం వస్తది, ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గొద్దు, 600 దాటొద్దు. ముందర గది, వంటిల్లు, స్నానాల గది పోంగ మిగిలేది ఒకటో రెండో అర్రలు. పదడుగుల పొడుగు, పదడుగుల వెడల్పు ఉంటే అదే గొప్ప. ఒకటి మీది. రెండోది పిల్లలదని మాట వరుసకు అంటరు. దసరా దాటిందంటే అది ఎవరిదో తెలుస్తది.

ఎవరిదంటే, పత్తిది.

మన దిక్కు పత్తి ఏరుడు షురూ అయినంక ఇండ్లల్ల అర్రలు ఎట్లుంటయో నీకు చెప్పక్కర్లేదు. కైకిలోళ్లు ఏరిన పత్తి మూటలు కట్టుకొచ్చి విప్పి పోస్తరు. మొదటి ఏరుడుకు మోకాళ్లెత్తు, రెండో ఏరుడుకు కిటికీ ఎత్తు. మండలంల ఒక ఇంట్ల నేను చూసిన అర్ర ఇప్పటికీ కండ్లల్ల ఉన్నది. కిటికీ సగం దాక తెల్లగ పత్తి. గోడకు వేసిన సీతాకోకచిలుకల బొమ్మలల్ల పైవాటి రెక్కలు మాత్రమే కనపడుతున్నయి. ఆ కుప్పకూ తలుపుకూ నడుమ ఒక్క చాప పట్టేంత జాగ. ఆ చాప మీద ఇద్దరు పిల్లలు, పెద్దామె లెక్కలు చేస్తున్నది, చిన్నామె నెత్తిల పత్తి నూగు. ఇద్దరి చేతుల మీద దురదకు గీరుకున్న చారలు. పత్తి గింజను పట్టుకొని వచ్చే ఎర్రపురుగులు గోడెంబడి పాకుతున్నయి. అన్నిటికంటె నాకు దడ పుట్టించింది ఏందంటే, ఆ పత్తికి మూరెడు దూరంల దోమల చుట్ట ముట్టించి పెట్టి ఉన్నది.

రైతు పత్తి ఇంట్ల ఎందుకు పోసుకుంటడో నాకు తెలుసు. సీసీఐల తేమ 8 శాతం దాటకుంటేనే పూరా ధర, ఆ పైన కోత, 12 దాటితే కొననే కొనరు. 2025-26ల పొడుగు పింజ పత్తి క్వింటాల్ మద్దతు ధర 8,110 రూపాయలు. తడి పత్తి కొండపోయి దళారి చెప్పిన ధరకు ఇచ్చేదానికంటె ఆరబోసి ఆగుదమనుకునుడు న్యాయమే. జమ్మికుంటల ఎంత పలుకుతుంది, ఎనుమాముల మార్కెట్ల ఎంత పలుకుతుంది అని ఫోన్ల అడుగుకుంట నెల ఆగుతరు, రెండు నెలలు ఆగుతరు. తర్వాత మిర్చి బస్తాలొస్తయి. ఆ ఘాటుకు పెద్దోళ్లకే తుమ్ములాగవు. తర్వాత యాసంగి వడ్లు. ఏడాదిల ఆ అర్ర పిల్లలదయ్యేది ఎన్ని నెలలో నువ్వే లెక్క పెట్టు.

గురుకులంల, కస్తూర్బాల చదివే పిల్లల సంగతి ఇంకా కష్టం. అక్కడ ఒక ఇనుప పెట్టె, దానికో తాళం, ఎంత చిన్నదైనా తనది. సంక్రాంతి సెలవులకు ఆ పెట్టె ఎత్తుకొని ఇంటికొస్తే దాన్ని దించనీకె జాగ ఉండది. సొంతింటికి చుట్టంలెక్క వచ్చిపోతున్నా అని ఆ వయసుల అనిపిస్తే, ఆ పిల్ల నోరు తెరిచి చెప్పది. మనమే చూసుకోవాలె.

అందుకే చెల్లే, అర్ర అందంగ చేసుడు సామాను కొనుడుతోని మొదలుకాదు, సామాను బయటికి తీసుడుతోని మొదలైతది. పత్తి ముందరి గదిల పోసుకుందం, పొద్దంత దర్వాజ తీసి గాలి తగులనిద్దం. కాదంటే పెరట్ల రేకులు దించి, కింద కట్టెలు పరిచి, తాటిపత్రి కప్పి పెట్టుకుందం. అదీ కుదరదు, ఈ ఏడాదికి అర్రే గతి అంటే, పోసుడు కాకుండ బస్తాల్ల తొక్కి ఒక్క గోడకే పేర్చుండ్రి, మంచాలు కదపకుండ్రి, ఏ తారీఖు వరకో ముందే పిల్లలకు చెప్పుండ్రి. మీ అర్రల ఇన్ని రోజులు పెట్టుకుంటం బిడ్డా అని అడిగి పెట్టుడు వేరు, అడగకుండ పోసుడు వేరు. పత్తి ఉన్నన్ని రోజులు ఆ అర్రల దోమల చుట్టలు, అగరొత్తులు, దీపాలు అస్సలొద్దు.

ఇగ సర్దుడు ముచ్చటకొద్దం.

ఇల్లు ఇంకా గోడల మీదనే ఉంటే నీ అదృష్టం. మేస్త్రీతోని మాట్లాడాల్సిన పని ఇప్పుడే ఉన్నది. మన పాత ఇండ్లల్ల గోడకు గూళ్లు ఉండేటివి. దీపం గూడు, దువ్వెన గూడు, అవ్వ వక్కలసంచి పెట్టుకునే గూడు. మందం గోడ కాబట్టి కుదిరింది. ఇప్పుడు కూడ బయటి గోడ తొమ్మిదించులు కడితే అందుల గూడు వస్తది. నాలుగున్నర ఇంచుల అడ్డుగోడల రాదు, అక్కడ బలవంతం చెయ్యొద్దు. పిల్లల మంచాలు ఏ గోడకు వస్తయో ముందే అనుకొని, తలాపు పక్కన ఒక్కొక్కరికి ఒక్కో గూడు వదలుమను. గూడు వద్దంటే గోడల కడప బండ బిగించి అరలు చేపియ్యి. చెక్క అల్మారి కంటె ఖర్చు తక్కువ, చెదలు పట్టవు, పిల్లలు ఎక్కి తొక్కినా ఏం కాదు. కింది అర చిన్నదానికి, పై అర పెద్దదానికి అని కాకుండ, ఎడమ దిక్కు ఒకరికి, కుడి దిక్కు ఒకరికి నిలువుగ పంచు. పై అర ఎవరికొచ్చినా కింది అర వాళ్లది లోకువనిపిస్తది.

కరెంటు పైపులు గోడల పూడ్చేటప్పుడు ఇంకో రెండు బోర్డులు అడుగు. ఇది నేను ప్రతి తల్లికీ చెప్తున్న. మనం నట్టనడుమ ఒక్క ట్యూబులైటు పెడుతం, దాని స్విచ్చు దర్వాజ కాడ పెడుతం. పెద్దపిల్ల పదో తరగతి, చిన్నపిల్ల మూడో తరగతి అయితే ఇగ రోజూ లొల్లే. చిన్నదానికి తొమ్మిదింటికి నిద్రొస్తది, పెద్దదానికి పదకొండు దాక లైటు కావాలె. ఎవరో ఒకరు ఓడిపోవాలె. ఒక్కో మంచం తలాపున ఒక చిన్న ఎల్ఈడీ లైటు, చెయ్యి చాపితే అందే స్విచ్చు పెట్టించినవంటే ఆ కొట్లాట పుట్టనే పుట్టది. గోడలు పూసినంక ఇదే పని చెయ్యాలంటే గోడ తవ్వాలె, కాబట్టి ముందే చెప్పు.

మంచాల సంగతికి వస్తే, ఈ మధ్య ఫోన్ల చూసి పిల్లలు మీదొకటి కిందొకటి ఉండే మంచాలు కావాలంటున్నరు. చూడనీకె ముద్దుగనే ఉంటయి, జాగ కలిసొస్తది. కని మన ఇండ్లకు నేను వద్దంటా. మన స్లాబు ఎత్తు పదడుగులు. పైమంచం ఐదడుగుల ఎత్తుల ఉంటే, దాని మీద నాలుగడుగుల పిల్ల లేసి నిలబడితే తల తొమ్మిదడుగులకు పోతది. ఫ్యాన్ రెక్కలు తిరిగేది ఆ ఎత్తులనే. అమెరికాల కూడ ఆరేండ్లలోపు పిల్లల్ని పైమంచం మీద పండుకోబెట్టొద్దని అక్కడి వినియోగదారుల భద్రతా సంస్థ చెప్తది. దానికి తోడు మనది బొగ్గుగనుల సీమ, ఎండాకాలం స్లాబు రాత్రి దాక సెగ కక్కుతది. పైన పండుకున్న పిల్ల ఉడికిపోతది.

మూడడుగుల వెడల్పు, ఆరడుగుల పొడుగు మంచాలు రెండు ఎదురెదురు గోడలకు వేసినా, పదడుగుల అర్రల నడుమ నాలుగడుగులు మిగులుతది. ఇద్దరు కూసుండి అష్టాచెమ్మ ఆడుకోనీకె చాలు. కొత్త మంచాలే కావాలని లేదు. అవ్వది పాత నవారు మంచం అటక మీద ఉంటే దించి, కొత్త నవారు అల్లించి, కోళ్లకు రంగేయించు. పిల్లలు నవారు మంచం మీద ఎగిరినా ఏం కాదు, ఎండాకాలం దాని కిందికెళ్లి గాలి తగులుతది. దోమతెరలు మాత్రం రెండు వేరేవేరే ఉండాలె. స్లాబు వేసేటప్పుడే కొక్కాలు వదిలించుకుంటే మేకులు కొట్టే బాధ తప్పుతది. స్లాబు మీద తెల్లసున్నం పూయించు. మన రాష్ట్రం 2023ల కూల్ రూఫ్ విధానమే తెచ్చింది. ఎండను వెనక్కి తిప్పే తెల్లటి పూత ఉంటే కింద అర్ర కొన్ని డిగ్రీలు చల్లబడుతదనే గదా అది.

ఇప్పుడు రంగు. ఈ మాట గట్టిగనే చెప్తున్న, రంగు నువ్వు ఎంచొద్దు. ఆడపిల్లల అర్ర అనంగనే దుకాణపాయన గులాబి డబ్బా తీసి ముందర పెడ్తడు. నచ్చితే మంచిదే. కని పెద్దబిడ్డకు మానేరు ఇసుక రంగు నచ్చొచ్చు, చిన్నబిడ్డకు మిరపపండు ఎరుపు నచ్చొచ్చు. రంగుల పట్టీ ఇంటికి తెచ్చి ఇద్దరి చేతుల పెట్టు. పదడుగుల అర్రకు నాలుగు గోడలు కలిపి 400 చదరపు అడుగులు. మూడు గోడలకు తెల్లటిదో మీగడ రంగో వేసి, ఒక్కొక్కరి తలాపు దిక్కు గోడల కొంత భాగం వాళ్లు చెప్పిన రంగు వేయించు. రెండు రంగులు కలుస్తయా లేదా అని నువ్వు ఆగం కాకు. మన బతుకమ్మల తంగేడు పసుపు పక్కన గునుగు పువ్వు, దాని పక్కన కట్లపువ్వు నీలం పేరుస్తం, ఎప్పుడన్న కలవలేదన్నమా?

పాత తలుపు, పాత కిటికీ మళ్ల వాడుతున్నట్టయితే జర పైలం. పాత నూనె రంగులల్ల సీసం ఉండేది. ఇంటి రంగులల్ల సీసం పది లక్షల భాగాలకు 90 భాగాలు దాటొద్దని మన దేశంల 2016ల నియమం పెట్టిండ్రు, 2017 నవంబర్ నుంచి అమలైంది. అంతకు ముందటి రంగును గీకుతే లేసే పొడి పిల్లల నోట్లకు పోతే వాళ్ల బుద్ధి ఎదుగుదలకు దెబ్బ. గీకుడు పని బయట, నీళ్లు చల్లి తడిపి చేపియ్యి. పిల్లలను ఆ దరిదాపులకు రానియ్యకు. కొత్త డబ్బా కొనేటప్పుడు దాని మీద సీసం గురించి ఏం రాసి ఉన్నదో చదివి తీసుకో.

ఒక గోడకు కింది నాలుగడుగుల దాక బడి బోర్డుకు వేసే నల్లరంగు వేయించుండ్రి. సుద్దముక్కలు కొనియ్యి. చిన్నపిల్లలున్న ఇండ్లల్ల గోడల మీద గీతలని తిట్టుడు ఆగిపోతది. పెద్దామె అక్కడ రసాయనశాస్త్రం సూత్రాలు రాసుకుంటది, చిన్నామె ఏనుగులు గీస్తది. ఎవరి సగం ఎంతో వాళ్లే గీత గీసుకుంటరు, నువ్వు నడుమ పోకు.

కిందికి మన ఓరుగల్లు షత్రంజి. వరంగల్ కొత్తవాడల మగ్గాల మీద నేస్తరు, 2018ల జీఐ గుర్తింపు కూడ వచ్చింది. ఓరుగల్లు తివాచీలు 1851లనే లండన్ల జరిగిన మహా ప్రదర్శన దాక పోయినయి. అంత పేరున్న నేతపని మన పక్కపొంటి ఉండంగ, ఒక్కసారి తడిస్తే ముక్కవాసనొచ్చే ప్లాస్టిక్ బూరు చాపలు ఎందుకు కొంటున్నమో నాకైతే బాధనిపిస్తది. షత్రంజి నూలుది, ఉతుక్కోవచ్చు, దులుపుకోవచ్చు, ఎండల ఆరేస్తే మళ్ల కొత్తదే. రెండు మంచాల నడుమ ఆ నాలుగడుగుల జాగల పరిస్తే పిల్లల ఆట, చదువు, తిండి అన్నీ దాని మీదనే.

కిటికీలకు కొత్త పరదాలు కొనే పనే లేదు. 2017 నుంచి కొన్నేండ్లు బతుకమ్మ పండుగకు సిరిసిల్ల చీరెలు ఇచ్చిండ్రు గదా, కట్టనివి ప్రతి ఇంట్ల పెట్టెల అడుగున ఉంటయి. పాలిస్టర్‌వి కాబట్టి ఒంటికి ఉక్కగ ఉండొచ్చు, పరదాకు మాత్రం బాగుంటయి. వానజల్లు పడ్డా గంటల ఆరుతయి, రంగు పోదు. అంచు కిందికి వచ్చేటట్టు కుట్టించు.

బొంతల ముచ్చట మాత్రం జర నిదానంగ చెప్పుకోవాలె. మెత్తబడ్డ నూలు చీరెలు నాలుగైదు పొరలు పరిచి, నాలుగు దిక్కులా రాళ్లు పెట్టి, అవ్వ ఒక మూల నుంచి సూది అందుకునేది. అంచు నుంచి లోపలికి, వరుస వెంట వరుస, వేలెడంత దూరంల కుట్లు. నడిమికి వచ్చేసరికి వారాలు పట్టేది. ఇంట్ల ఇద్దరు పిల్లలుంటే బొంతలు కూడ రెండు ఉండాలె. ఒకటి అమ్మమ్మ చీరెలది, ఒకటి నానమ్మ చీరెలది అయితే ఇంకా మంచిది. ఏ చీరె ఎప్పటిదో, ఎవరి పెండ్లికి కొన్నదో పిల్లలకు చెప్పుకుంట కుట్టుండ్రి. పెద్దబిడ్డకు సూది పట్టొస్తే తన బొంతకు తనే అంచు కుట్టనియ్యి, వంకర పోయినా విప్పకు.

గోడకు ఏం పెట్టాలె అంటే, కొనేది తక్కువ, పిల్లలు చేసేది ఎక్కువ ఉండాలె. ఒక్కటి కొనమంటా, చేర్యాల బొమ్మ. పాత ఓరుగల్లు జిల్లాలనే ఉండె చేర్యాల, ఇప్పుడు సిద్దిపేటల కలిసింది. రంపపు పొట్టు, చింతగింజల అంబలి కలిపి ముఖాల బొమ్మలు చేస్తరు నకాషీ కళాకారులు. ఎరుపు మీద ఆ పెద్ద పెద్ద కండ్లు చూస్తే పిల్లలకు కథలు వాటంతట అవే పుడ్తయి. మిగిలిన గోడంత పిల్లలదే. బొడ్డెమ్మ నాడు పుట్టమన్నుతోని మెట్లు మెట్లుగ పేర్చి, ఎర్రమట్టి అలికి, ముగ్గు పెట్టి పూలతోని సింగారించే చేతులు వాళ్లవి. జాజు, సున్నం ఇస్తే అర్ర గడపకు, గోడ అంచుకు వాళ్లే గీసుకుంటరు.

ఇద్దరు అక్కచెల్లెళ్లను ఒక్క తీరుగ చూసుడు అంటే ఇద్దరికీ ఒక్క తీరు సామాను కొనుడు కాదు చెల్లే. మనం ఒకే తాన్ల ఇద్దరికీ గౌన్లు కుట్టిస్తం, ఒకే బొమ్మ రెండు కొంటం, అదే న్యాయమనుకుంటం. మన ఓరుగల్లు ఏలిన గణపతిదేవునికి ఇద్దరు బిడ్డలు. రుద్రమ 1262ల గద్దెనెక్కి రాజ్యమేలింది. గణపాంబ ధరణికోట కోట బేతరాజుకు ఇల్లాలై పోయింది, భర్త పోయినంక ఆమె కూడ అక్కడ రాజ్యం నడిపింది, యనమదలల ఆమె శాసనమున్నది. ఒకే తండ్రి బిడ్డలు, ఎవరి దారి వాళ్లది. నీ ఇద్దరిల ఒకామె అన్నీ సర్దిపెట్టుకునేది, ఒకామె అన్నీ చిందరవందర చేసేది కావచ్చు. సర్దే పిల్లను చూపించి ఇంకో పిల్లను తిట్టకు. ఎవరి మంచం చుట్టూ ఎట్లున్నదో వాళ్లిష్టం, నడిమి జాగ మాత్రం ఇద్దరూ ఊడ్వాలె. ఇంతకంటె ఎక్కువ నియమాలు వద్దు.

ఇద్దరికీ చెరో తాళమున్న పెట్టె ఉండాలె. అందుల ఏం పెట్టుకుంటరో మనం చూడొద్దు. గోటీలుంటయి, గాజుముక్కలుంటయి, సోపతి పిల్ల రాసిన చీటీలుంటయి. చిన్నదాని పెట్టెను పెద్దామె తీసినా, పెద్దదాని పెట్టెను చిన్నామె తీసినా తప్పే. అమ్మ తీసినా తప్పే.

ఇంకో ముచ్చట, ఇది ఆడోళ్లం మనం మనం మాట్లాడుకునేది. పెద్దబిడ్డకు పదకొండు, పన్నెండేండ్లు వచ్చినయంటే ఆ అర్ర తలుపుకు లోపల గడియ పెట్టించు. మన ఇండ్లల్ల బయటి గడియ గట్టిగుంటది, లోపలి గడియ ఉండనే ఉండది. బట్టలు మార్చుకునేటప్పుడు పిల్ల తలుపుకు వీపు ఆనించి నిలబడుడు నేను చూసిన. ఆమె అర ఒకదాంట్ల ప్యాడ్లు, రెండు పాత మెత్తటి బట్టలు, కాగితం సంచులు, మూత ఉన్న చిన్న డబ్బా ముందే పెట్టి చూపించు. పెద్దమనిషి అయినంక చెప్పుదమని ఆగకు. అయిననాడు బడిలనో, చేనులనో ఉంటే పిల్ల బుగులు పడుతది. ఆ రోజులల్ల మూలకు కూసోబెట్టే పద్ధతి ఇంట్ల ఇంకా ఉంటే, కనీసం ఆమె మంచం ఆమెకే ఉండనియ్యి, చాప వేసి పక్కకు జరపొద్దు. చిన్నది చూసి అడిగితే దాచకుండ దాని వయసుకు తగ్గట్టు చెప్పు. ఒక్క అర్రల పెరిగే అక్కచెల్లెళ్లకు ఇదొక మేలు, చిన్నామెకు ఆ రోజు వచ్చేనాటికి బుగులుండదు.

అద్దం పిల్లల కండ్ల ఎత్తుల పెట్టు. చిలుక్కొయ్యలు మూడున్నర అడుగుల ఎత్తుల కొట్టించు, చిన్నామె బడి బట్టలు తనే తగిలేసుకుంటది. దండెం అర్రకు అడ్డం కట్టకుండ్రి, పిల్లల అర్ర దండేలకు జాగ అనుకునుడు మనకు పాత అలవాటు.

వాళ్లు కొట్లాడుకుంటరు. దువ్వెన కాడ, కిటికీ పక్క మంచం కాడ, ఫ్యాన్ ఎంత తిప్పాలె అనే కాడ. కిటికీ పక్క మంచం ఆరు నెలలకొకసారి మారాలె అని వాళ్లతోనే ఒప్పందం చేపియ్యి, ఉగాదికి ఒకసారి, దసరాకు ఒకసారి. మిగిలినవి వాళ్లే తెంపుకుంటరు. లైటు తీసినంక చీకట్ల ఇద్దరూ గుసగుసలాడుకుంటుంటే పండుకోండ్రని బయటి నుంచి అరవకు, పరీక్షల రోజులైతే తప్ప. వాళ్ల జీవితంల ఒక్క అర్రల ఉండే కాలం ఎంతని? పెద్దామె ఇంటర్‌కు హనుమకొండ పోతది. తర్వాత ఒకామెను మానేరు ఇవతల ఇస్తం, ఒకామెను అవతల ఇస్తం. గర్మిళ్లపల్లి, ఓడేడు నడుమ వంతెన పని 2016ల మొదలుపెడితే 2024 ఏప్రిల్‌ల గడ్డర్లు గాలికే కూలినయి, అది నీకు తెలిసిందే. ఏటికి నీళ్లొస్తే అక్క ఇల్లు ఎదురుగనే ఉన్నా చుట్టు తిరిగి పోవాలె.

పెద్దామె హాస్టల్‌కు పోంగనే ఆమె మంచం విప్పి అటక మీద పెట్టొద్దు, ఆమె గూట్లకు బియ్యం డబ్బా ఎక్కియ్యొద్దు. చిన్నామె కావాలంటే తన సామాను కొంచెం అటు జరుపుకుంటది, కని అక్క వస్తే అక్క జాగ అక్కకుంటదనే భరోసా ఇద్దరికీ ఉండాలె.

ఇవన్నీ ఒక్కసారి చెయ్యనీకె పైసలు ఏడికెళ్లి వస్తయి అంటవేమో. ఒక్కసారి ఎవరు చెయ్యమన్నరు? బస్తాలు తీసుడుకు పైస కాదు. కొట్టించిన చిలుక్కొయ్యలు, కిందికి దించిన అద్దం, కుట్టిన పరదా, ఇవి ఇంట్ల ఉన్నవాటితోనే అయితయి. మంచం పాతదే మరమ్మతు చేస్తవు. షత్రంజి పత్తి పైసలు చేతికొచ్చినంక కొంటవు. రంగు వచ్చే బొడ్డెమ్మ దాక ఆగినా ఏం కాదు, అప్పటికి పిల్లలు తమ రంగు ఏందో నిమ్మళంగ తేల్చుకుంటరు. గడియ, రెండు లైట్లు మాత్రం ఆపకు. మేస్త్రీకి, కరెంటు పనాయనకు ఈ వారంలనే చెప్పు.